పదిహేడుకి ముగ్గురు తక్కువ

ఇక్కడ ఓటుకి తెర ఉండదు.
హైస్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది,
నాలుగు మూలల్లో నాలుగు పేర్లు.
ఎవరి మూలకి వాళ్ళు నడిచి వెళ్ళి నిలబడాలి.
అభిప్రాయానికి కాళ్ళుంటాయని
మార్షల్‌టౌన్‌కొచ్చిన పదకొండేళ్ళకి తెలిసింది నాకు.

బయట మైనస్ పద్నాలుగు.
లోపల హీటరు రొద, తడి బూట్ల వాసన.
గుమ్మం దగ్గర డార్లీన్ రూలుకర్ర జరుపుతూ జరుపుతూ
జాబితాలో తటవర్తి హైమవతిని పట్టుకుంది,
చేపని పట్టినంత సంబరంగా.

మందుల షాపు కౌంటరు వెనక నిలబడేదాన్ని,
ఈ ఊళ్ళో ఎవరి బీపీ ఎంతో చెప్పగలను,
ఎవరి ఓటు ఎవరికో ఏనాడూ అడగలేదు.
ఇవాళ అందరిదీ కనబడిపోతోంది,
నాదీ.

గవర్నర్ కాల్డర్‌ని నేను నమ్మను.
కారణం చొక్కా చేతులు.
మైకు ముందుకొచ్చాకే మడుస్తాడు,
ప్రతి ఊళ్ళోనూ అదే మడత, రెండున్నర చుట్లు.
పని ముందుంటే చేతులు మడిచేవాళ్ళని చూశాను,
పని కనుచూపు మేర లేకుండా మడిచింది ఇతనొక్కడే.
పెళ్ళిచూపుల్లో వంక పెట్టినట్టుంది అన్నాడు మా ఆయన.
అవును, అలాగే ఉంది.

సెనేటర్ బ్రాంట్ ఏది అడిగినా
'మంచి ప్రశ్న' అంటాడు.
పాము చావదు, కర్ర విరగదు,
ఆఖర్న పాముకో కమిటీ, కర్రకో కమిటీ.

లెనాక్స్ దగ్గర డబ్బుంది.
పోస్టు డబ్బాలో రోజుకో రంగు కార్డు, నున్నటి అట్ట.
వెనక ఖాళీలో కూరగాయల లిస్టు రాసుకున్నాను.
అంతవరకూ ఆయన దేశానికి సేవ చేసినట్టే.

నా మనిషి రూత్ ఎల్డ్రిజ్.
లైబ్రరీ కింద గదిలో పందొమ్మిది మందిమి, చల్లారిన కాఫీ.
ఇన్సులిన్ సగం సగం పొడుచుకునే
నా కౌంటరు ముందు మనుషుల గురించి అడిగాను.
"నాకు తెలీదు, చెప్పండి" అంది.
రాసుకుంది.
మధ్యలో పెన్ను ఆగిపోతే నాది అడిగింది,
తిరిగి ఇచ్చింది కూడా.
తెలీదన్నవాళ్ళకి ఎవరేస్తారు అన్నాడు మా ఆయన.
ఆయనకింకా గ్రీన్‌కార్డే,
ప్రేక్షకుల మెట్ల మీద కూచుని నా కోటుకి కాపలా.

లెక్క పెట్టారు.
మొత్తం నూటతొమ్మిది.
మూల నిలవాలంటే పదిహేడు కావాలి.
మేం పద్నాలుగు.

ఇక మిగతా మూలలు మా మీదికి నడిచొచ్చాయి,
చేతుల్లో బిస్కెట్లు, మొహాన నవ్వులు.
కెంట్ వచ్చాడు, కాల్డర్ బ్యాడ్జీతో.
నిరుడు తుఫానులో మా వాకిలి మంచు ఎత్తిపోసింది తనే.
ఆ మాట అనలేదు.
తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.
మొహమాటం మా వైపు సరుకే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ,
ఆ గర్వం కాస్తా అక్కడే పోయింది.

పద్నాలుగు చెదిరింది.
ఇద్దరు, పిల్లల్ని చూసే అమ్మాయికి టైమైందని వెళ్ళారు.
ముసలి మెర్ల్ కోర్టు నడిమధ్య గుండ్రంలో
కుర్చీ వేసుకుని కూర్చున్నాడు,
ఎల్డ్రిజ్ బోర్డు ఒళ్ళో పెట్టుకుని,
ఎవరేం చెప్పినా వినబడనట్టు.
నిజంగానే వినబడదేమో, ఆ మిషను బ్యాటరీలు నేనే అమ్ముతాను.

నేను మెర్ల్‌ని కాలేకపోయాను.
కమిటీల వైపు పోలేను, అట్టముక్కల వైపు పోలేను.
నమ్మనివాడి మూలకి నా కాళ్ళతో నేనే నడిచాను.
దారిలో ఫ్రీ త్రో గీత దాటుతుంటే
ఎవరో చప్పట్లు కొట్టారు. ఒళ్ళు మండింది.

చేతులెత్తి, అంకె గట్టిగా చెప్పి దింపాలి.
నా ముందు కుర్రాడు ముప్ఫై ఏడు.
ముప్ఫై ఎనిమిది అన్నాను,
అంటూ ఎత్తిన చేతిని చూసుకున్నాను.
హీటరు వేడికి ఎప్పుడు మడిచానో స్వెట్టరు,
మోచేతి దాకా,
రెండున్నర చుట్లు.

మెట్ల మీంచి మా ఆయన చూడనే చూశాడు.
ఏమీ అనలేదు, కోటు పట్టుకుని నిలబడ్డాడంతే.
అది తొడుక్కోవాలంటే
మడతలు విప్పక తప్పలేదు.